కొండ కింద బూట్లు

అక్టోబర్ 4, శనివారం

బూట్లు ఈయనవే.

ప్లాస్టిక్ కవర్లో వేసి టేబుల్ మీద పెట్టారు. ఎడమ మడమ పక్కకి అరిగి ఉంది. లేసులు రెండు రంగులు — ఒకటి నల్లది, ఒకటి మా నిత్య పాత స్కూలు బూట్లది. మేజోళ్లు మడతపెట్టి లోపల దోపి ఉన్నాయి. కానిస్టేబుల్ మెగన్ "ఆర్ యూ ష్యూర్?" అని మళ్లీ మళ్లీ అడిగింది. బ్రాంప్టన్‌లో మా బేస్‌మెంట్ ఇంటి గుమ్మంలో రోజూ వీటిని తట్టుకుని పడబోయేదాన్ని, నాకు తెలియదా!

గురువారం దసరా. ఈయన ట్రక్కు తోలుకుని కాల్గరీకి వెళ్తున్నాడు. పొద్దున్నే ఫోన్ చేశాడు — "సాయంత్రంలోపల పాలపిట్టను చూసి ఫొటో పంపుత, చూడు వసూ." అల్బర్టాలో పాలపిట్ట! నవ్వి పెట్టేశాను. శుక్రవారం లోడు చేరలేదని ట్రక్కు కంపెనీ డిస్పాచర్ ఫోన్ చేసేదాకా ఏమీ తెలియదు. ట్రక్కు ఇక్కడ కాన్యన్ అనే ఈ లోయ పక్కన రోడ్డు వారన ఉంది. తాళం వేసి ఉంది. ఫోన్ లోపల చార్జింగ్‌లో ఉంది. బంపర్‌కి వానకి కారిన పసుపు, కుంకుమ. చక్రం కింద నలిగిన నిమ్మకాయ.

ఆ నిమ్మకాయ ఏమిటని అడిగింది మెగన్. బండికి పూజ అన్నాను. రాసుకుంది.

మోటల్ గది. హీటర్ గడగడమంటోంది. నిత్యని పైఇంటి సరోజా ఆంటీకి అప్పగించి వచ్చాను. అన్నం తినబుద్ధి కావడం లేదు.


అక్టోబర్ 5, ఆదివారం

చూశాను ఆ చోటు.

కోత అయిపోయిన గోధుమ చేలు. ఎటు చూసినా బల్లపరుపు. ఇందులో కొండ ఎక్కడుందా అనుకుంటుంటే ఉన్నట్టుండి నేల తెగిపోయింది. కింద లోయ. చెట్టు లేదు, గడ్డి లేదు. బూడిదరంగు చార, దాని కింద బొగ్గు నలుపు, దాని కింద తుప్పు రంగు, మళ్లీ బూడిద... గోడలన్నీ అలాగే చారలు చారలుగా. అడుగున సన్నగా నది. మధ్యలో ఒంటరిగా ఒక కొండ. దాని నెత్తి సరిగ్గా మేం నిలబడిన చేల మట్టానికే ఉంది, ఒక్క అడుగు ఎక్కువ లేదు.

ఈ ముక్క ఈయన చెప్పాడు. పోయిన ఏడాది ఇదే దారిలో వెళ్లి వచ్చాక, పప్పు తిరగమోత పెడుతుంటే వెనక నిలబడి — "ఆడ శిఖరం అంటే పైకి లేచింది కాదే. చుట్టూ అంత కొట్టుకపోతే మిగిలింది." మంచు యుగం చివర కరిగిన నీళ్లు ఒక్కసారిగా పారి ఈ నేలను కోసేశాయట. వాన తక్కువ కాబట్టి గడ్డి పట్టదు, గడ్డి పట్టదు కాబట్టి పడ్డ ప్రతి వానా కోస్తుంది... ఆవాలు మాడిపోతున్నాయి జరుగు అన్నాను.

ఆ ఒంటరి కొండ కిందే, నది వైపు, చదునుగా ఉన్న ఒక రాతి మీద బూట్లు దొరికాయి. పక్కపక్కన, నీటుగా. పోలీసులు నదిలో పడవలు వేశారు. బూట్లు విప్పాడంటే నీళ్లలోకి దిగడానికే అని వాళ్ల లెక్క.

నీలంరంగు పిట్ట కోసం చూస్తానన్నాడని నేనే చెప్పాను. ఈ నెలలో ఇక్కడ నీలం పిట్ట అంటే నది దగ్గర చేపలు పట్టేదే అయ్యుంటుంది అన్నాడు వాళ్లలో ఒకాయన. దాంతో నది ఇంకా ఖాయమైపోయింది.

ఈయనకి నీళ్లంటే భయం. స్విమ్మింగ్ పూల్ మెట్ల మీద కూర్చుని కాళ్లు తడుపుకునే మనిషి. అదీ చెప్పాను. తల ఊపారు.


అక్టోబర్ 6, సోమవారం

నదిలో ఏమీ లేదు. దేవుడా, ఏమీ లేకపోవడం మంచిదా చెడ్డదా.


అక్టోబర్ 7, మంగళవారం

మెగన్ మోటల్‌కి వచ్చింది. మంచి పిల్ల. ముప్ఫై దాటి ఉండవు. కుర్చీ అంచున కూర్చుని, టోపీ ఒళ్లో పెట్టుకుని, మెల్లిగా అడిగింది — ఈమధ్య ఆయన దిగులుగా ఉన్నాడా అని.

అర్థమైంది ఎక్కడికి వస్తోందో. మేజోళ్లు మడతపెట్టి, బూట్లు వరసగా పెట్టి, నదివైపు నడిచిన మనిషి... వాళ్ల దేశంలో దానికి ఒకటే అర్థం కాబోలు.

ఉన్నాడమ్మా, దిగులుగానే ఉన్నాడు. ఎమ్మెస్సీ జియాలజీ చదివాడు. అక్కడ ఊరూరా తిరిగి బోర్లకి చోట్లు చూపించేవాడు. ఇక్కడ జియాలజిస్ట్ రిజిస్ట్రేషన్‌కి అప్లై చేస్తే ఆగస్టులో మళ్లీ రిజెక్ట్ అయింది. ఆ రోజంతా మాట్లాడలేదు. మర్నాడు కాకరకాయ వేపుడు అడిగి రెండోసారి వడ్డించుకున్నాడు. చచ్చిపోవాలనుకునేవాడు వేపుడు మళ్లీ అడుగుతాడా?

చివరి మాట గట్టిగానే అన్నాను. మెగన్ సారీ చెప్పింది. నాకు ఏడుపు వచ్చింది, ఆమె ముందే ఏడ్చాను.

మా గుమ్మాల్లో చెప్పులు బయట ఉన్నాయంటే మనిషి లోపల ఉన్నాడని అర్థం — అన్నాను. వెళ్లిపోయాడని కాదు. ఆమె అయోమయంగా చూసింది. లోపల అంటే ఎక్కడ లోపల, మీ ఉద్దేశం ఏమిటి అంది.  అక్కడ ఇల్లు లేదు, గుమ్మం లేదు, గుడి లేదు.

సాయంత్రం చినుకుల్లోనే లోయ అంచున కొంచెం నడిచాను. ఎండినప్పుడు ఆ మట్టి పేలాల్లా పొంగి పగిలిపోయి కరకరమంటుంది. తడిస్తే సబ్బు. రెండడుగులకే జారి మోకాలి మీద పడ్డాను. చెప్పుకి అరచేయి మందాన బురద. ఎంత గీకినా పోలేదు.

ఇదీ చెప్పాడు. అగ్నిపర్వతాల బూడిద, ఎప్పుడో కోట్ల ఏళ్ల కిందట పడమటి నుంచి గాలికి వచ్చి పడింది. "నీళ్లు తాగుతది, ఉబ్బుతది. గిది రాయి కాదే, ఎండిన బురద. బోరు వేసేటప్పుడు గోడలు కూలకుండ మేం పోసేది గిదే." అంత తెలిసిన మనిషి.


అక్టోబర్ 8, బుధవారం

తెలిసింది. నాకు తెలిసిపోయింది. 

మోటల్ ఓనర్ జయాబెన్, గుజరాతీ ఆవిడ, గెస్టుల కోసం కౌంటర్లో ఒక బైనాక్యులర్ పెట్టుకుంటుంది. ఊరికే కూర్చోలేక అది పట్టుకుని లోయ అంచుకి వెళ్లాను. ఆ ఒంటరి కొండ నెత్తిన చూశాను. ఒక ముళ్లపొద, చిన్న చిన్న బూడిద ఆకులు. దాని కొమ్మలకి గుడ్డపీలికలు కట్టి ఉన్నాయి. ఎర్రవి, పసుపువి, తెల్లవి, గాలికి కొట్టుకుంటూ.

జమ్మి.

జమ్మి కాదు, ఏదో ఈ దేశపు పొద. కానీ ఈయన కంటికి జమ్మే. ముళ్లు, చిన్నాకులు, ఊరి బయట ఒంటరిగా, పైగా ఎవరో భక్తితో గుడ్డలు కట్టారు... అదీ దసరా నాడు! ఇంకేం కావాలి ఆ మనిషికి?

మాది ఒంగోలు వైపు. మాకీ పాలపిట్ట పిచ్చి లేదు. ఈయనది భువనగిరి. దసరా సాయంత్రం ఊరంతా పొలిమేర దాటి వెళ్లాలి, పాలపిట్టను చూడాలి, జమ్మిచెట్టుకి మొక్కాలి, ఆకు తెంచి బంగారమని ఒకరి చేతిలో ఒకరు పెట్టుకుని కావలించుకోవాలి. బ్రాంప్టన్ వచ్చినా మానలేదు. బస్ డిపో వెనక ఒక పిచ్చి పొదని జమ్మి అని నిర్ణయించాడు. ఏటా అక్కడికే. గడ్డ కట్టే చలిలో నాతో, నిత్యతో బూట్లు విప్పించేవాడు. "డాడ్, పీపుల్ ఆర్ వాచింగ్" అని అది ఏడుపు మొహం. "సూడనీ బిడ్డా, దేవునికాడ చెప్పులేంది" అని ఈయన.

బూట్లు విప్పింది నది కోసం కాదు. పైకి ఎక్కడానికి. ఆ కొండనే గుడి చేసుకున్నాడు, అడుగునే గుమ్మం పెట్టుకున్నాడు.

ఎంత మూర్ఖుడు! వట్టి కాళ్లతో, రాళ్ల మధ్య దాగిన నాగజెముడు ముళ్లలో, ఆ మట్టి మీద!


అక్టోబర్ 9, గురువారం

మెగన్‌కి అంతా చెప్పాను. పాండవులు అజ్ఞాతవాసానికి వెళ్తూ ఆయుధాలు జమ్మి మీద దాచడం దగ్గర్నుంచి మొదలుపెట్టాను పిచ్చిదాన్ని. ఓపికగా వింది. నవ్వలేదు.

పైన డ్రోన్ తిప్పాం, ఎవరూ లేరు అంది. దసరా రోజు రాత్రి పెద్ద వాన, అడుగుల గుర్తులన్నీ పోయాయి. వాలు ఇంకా తడిగానే ఉంది. ఆరితే తప్ప మనిషిని ఎక్కనివ్వరు. జారడం ఒకటే కాదట. తర్వాత ఏదో చెప్పబోయి ఆగింది.

ఏమిటి, చెప్పు అన్నాను.

ఆ కొండల్లో రంధ్రాలుంటాయి అంది. పైకి కనిపించవు.

అవును. "ఆ గుట్టల లోపల అంత బొరియలే. పైన పడ్డ నీళ్లు పగుళ్లకెళ్లి దూరి లోపల్నుంచే దారి చేసుకుంటయి. మీద పెంకు మిగుల్తది, అంతే." ఎప్పుడన్నాడు ఇది? కారు కడుగుతూ అన్నాడు. బకెట్ నీళ్లు ఇసకలో పోసి చూపించాడు కూడా. నిత్య ఫోన్ చూసుకుంటోంది. నేను వింటున్నట్టు ఊఁ కొట్టాను.

పడవలు ఇంకా నదిలోనే ఉన్నాయి. పై ఆఫీసరు ఒప్పుకోవాలట. చెట్టుకి కట్టిన గుడ్డ చూసి సెర్చ్ అంతా మళ్లించలేం అన్నాడట ఆయన. అతని తప్పేముంది, నేనైనా అలాగే అంటానేమో.


అక్టోబర్ 10, శుక్రవారం

ఎండ. గాలి. ఆరాలి, ఆరాలి, ఆరాలి.

ఎనిమిది రోజుల పాటు మనిషి నీళ్లు లేకుండా — వద్దు. రాయను.


అక్టోబర్ 11, శనివారం

ఎక్కాను.

మెగన్ పట్టుబట్టి ఒప్పించింది. పడమటి వైపు నీళ్లు కోసిన దారిలో తాడు కట్టి ముందు టీమ్ వాళ్లు, మధ్యలో నేను, వెనక మెగన్. నడుముకి పట్టీ. నన్ను తీసుకెళ్లడం రూలు కాదు. కానీ అక్కడ ఏం వెతకాలో ఈమెకే తెలుసు అంది మెగన్ వాళ్లతో.

బూడిద చార దాటాం. బొగ్గు పొర. చెయ్యి వేస్తే పలకలు పలకలుగా ఊడి వచ్చింది. ఆ పైన తుప్పు రంగు గట్టి రాయి, అంచు బయటికి పొడుచుకుని. ఆ రాయి టోపీలా కప్పబట్టే కింద మెత్తటి మట్టి ఇన్నాళ్లు నిలిచింది. అన్నీ ఈయన గొంతుతోనే వినిపిస్తున్నాయి. బతికుండగా ఇంత శ్రద్ధగా — బతికుండగా అని రాశానా? కొట్టెయ్యను. రాసింది రాసినట్టే ఉండనీ.

పైన నలుగురు మంచాలు వేసుకునేంత చోటు. గడ్డి ఉంది! చుట్టూ ఎడారి, నెత్తిన మాత్రం పాత నేల ముక్క. ఒక పక్క గులాబీ రంగు గ్రానైట్ గుండు. ఉత్తరం నుంచి మంచు మోసుకొచ్చి పడేసిందట. అచ్చం భువనగిరి రాయే. దాన్ని చూసి ఈయన మొహం ఎలా వెలిగి ఉంటుందో నాకు తెలుసు.

నేను బూట్లు విప్పాను. టీమ్‌లో ఒకతను వద్దన్నాడు. మెగన్ ఊరుకోమంది. వాలంటీర్లలో డెబ్రా అని ఒకావిడ ఉంది, పెద్దామె, ఇక్కడి ఆదివాసీ, ఈ నేల తరతరాలుగా వాళ్లది. ఆ గుడ్డలు మావాళ్ల ప్రార్థనలు, ముట్టుకోవద్దు అంది. ముట్టుకోను, మీరూ చెప్పులు విప్పుతారా అని అడిగాను. మేం విప్పం, మీకు విప్పాలనిపిస్తే విప్పండి అంది. పక్కకి జరిగి నాకు దారి ఇచ్చింది.

పొద మొదట్లో ఈయన సుత్తి.

రాళ్లు కొట్టే సుత్తి. ఎమ్మెస్సీలో కొన్నది. ట్రక్కు తోలుతున్నా సీటు కింద పెట్టుకు తిరిగేవాడు. పిడికి కుంకుమ పెట్టాడు. వానకి కారి గులాబీ మరక మిగిలింది. జమ్మి కింద ఆయుధం పెట్టి మొక్కాడు. సుత్తి కింద, గాలికి పోకుండా, జేబురుమాలు. రుమాల్లో ఆ పొద ఆకులు, కుళ్లకుండా ఎండి ఉన్నాయి. రెండు పొట్లాలు.

నాకొకటి, నిత్యకొకటి.

అక్కడే కూలబడ్డాను. డెబ్రా నా వీపు మీద చెయ్యి వేసింది. గట్టిగా అరిచి ఏడ్చాను. లోయలోంచి నా గొంతే తిరిగి వచ్చింది.

ఇంతవరకూ వచ్చాడు. మొక్కాడు. సుత్తి తీసుకోకుండా దిగడు — ఆయనకి కన్నబిడ్డకన్నా ఎక్కువ అది. పక్కకి వెళ్లాడు, తిరిగి రాలేదు. పాలపిట్ట కోసమే వెళ్లి ఉంటాడు. ఏదో నీలంగా ఎగిరి ఉంటుంది.

మెగన్ రేడియోలో మాట్లాడింది. పడవలు ఆపమంది.


అక్టోబర్ 12, ఆదివారం

కుక్కని తీసుకెళ్లారు. నన్ను రానివ్వలేదు. లోయ ఇవతల అంచు నుంచి బైనాక్యులర్లో చూశాను.

పొద దాటి, ఉత్తరం అంచుకి కొంచెం ఇవతల, కుక్క ఆగింది. వాసన చూసింది. కూర్చుంది.

అలా కూర్చుందంటే వెతికిన వాసన దొరికినట్టట. బతికున్న మనిషి వాసనేనా అని నేను అడగలేదు.

పెంకు విరిగి మనిషి పట్టేంత రంధ్రం. అంచులు కొత్తవి. తాడుకి కెమెరా కట్టి దింపారు. పేరు పెట్టి పిలిచారు. "రాఘూ, రాఘూ" అని వాళ్ల యాసలో. ఆ పిలుపు ఇవతలిదాకా వినిపించింది. ఈయన వింటే నవ్వుతాడు.

కొంత లోతు పోయాక అంతా బురదే. ఆ రాత్రి వానకి పైనున్న మట్టి లోపలికి దిగిపోయింది. వాన ముందా, పడడం ముందా? వాన ముందైతే జారాడు. పడడం ముందైతే...


అక్టోబర్ 13, సోమవారం

ఇక్కడ థాంక్స్‌గివింగ్. సెలవు. అయినా మెగన్ వచ్చింది, ఒక ఇంజనీరుని వెంటబెట్టుకుని. కొండలు కూలకుండా చూసే చదువు ఆయనది. కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు. ఈ మట్టి పోగు తనంతట తను నిలబడడమే గొప్ప. పక్క నుంచి తవ్వితే పైన టోపీ రాయి దిగుతుంది. పైనుంచి తవ్వితే గోడలు కలిసిపోతాయి. మనుషుల్ని దింపితే వాళ్లూ పోతారు.

బోరు వేయండి అన్నాను. పక్కన ఇంకో బోరు వేసి, అడ్డంగా... మా ఊళ్లల్లో బోరుబావిలో పిల్లలు పడితే అలాగే చేస్తారు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మిషన్ బరువుకే ఆ కొండ నిలబడదు మేడమ్ అన్నాడు. ఆ పద్ధతి గట్టి నేల ఉన్నచోటేనట.

మా ఆయనైనా అదే చెప్పేవాడు. 

జయాబెన్ రోటీ, బంగాళదుంప కూర తెచ్చి బలవంతంగా నోట్లో పెట్టింది. "ఖాలే బేటీ." తిన్నాను. సిగ్గు లేకుండా ఆకలేసింది.


అక్టోబర్ 14, మంగళవారం

నిత్య ఫోన్. "అమ్మా, ఆర్ యూ ఈటింగ్?" నేను అడగాల్సింది అదే అడుగుతోంది.

ఆకుల సంగతి చెప్పాను.  "హి కెప్ట్ సమ్ ఫర్ మీ?" తర్వాత దాని ఏడుపు. దాని వెనక సరోజా ఆంటీ గొంతు, "రా తల్లీ, రా".

దసరాకి దాన్ని ఎప్పుడు రమ్మన్నా విసుక్కునేది. పోయినసారి "నెక్స్ట్ ఇయర్ నేను రాను" అంది. ఈయన "సరే బిడ్డా, నీ బంగారం నేనే తెస్త" అన్నాడు. మాట తప్పలేదు, ఏం లాభం.


అక్టోబర్ 15, బుధవారం

మంచు.

పొద్దున లేచేసరికి చారలన్నీ పోయాయి. బూడిద లేదు, నలుపు లేదు. కొండ ఎక్కడుందో లోయ ఎక్కడుందో తెలియడం లేదు, అంతా ఒకటే తెలుపు.


అక్టోబర్ 16, గురువారం

సెర్చ్ ఆపేశారు. ఆపేశారు అనరు. "సస్పెండ్" అంటారు. వసంతంలో నేల ఆరాక మళ్లీ చూస్తారట. మెగన్ ఆ ముక్క నిలబడే చెప్పింది. కూర్చోమంటే కూర్చోలేదు, టోపీ తీయలేదు. ఆ పిల్లకీ కళ్లు ఎర్రగానే ఉన్నాయి.

వసంతంలో ఏం దొరుకుతుంది అని అడిగాను.

ఇంజనీరు చెప్పినదే మళ్లీ చెప్పింది. ఈ కొండ ఏటా అరుగుతుంది. ప్రతి వానకీ కొంచెం. లోపలున్నవి ఎప్పటికో బయటపడతాయి. ఇక్కడ డైనోసార్ ఎముకలు దొరికేది అలాగే, తవ్వకుండానే, కొండ తనంతట తను వదిలేస్తే. చెప్పాక నాలిక కరుచుకుంది పాపం.

నాకు ఎముకలు వద్దు. నాకు మనిషి కావాలి. నా మొగుడు కావాలి. కోట్ల ఏళ్ల లెక్కలు ఆయన చెప్తే విన్నాను, సరదాగా ఉండేది. నాకెందుకు ఆ లెక్క! మిగిలిన నా బతుకులో ఆ కొండ ఒక జానెడు కూడా తగ్గదు.


అక్టోబర్ 18, శనివారం

రాయడానికి ఏమీ లేదు. హీటర్ శబ్దం. గోడ.

అందరూ ఒకటే మాట — ఇంటికి వెళ్లు. సరోజా ఆంటీ, జయాబెన్, డిస్పాచర్. పిల్ల ఉంది కదా అంటారు. ఉంది. అందుకే వెళ్లాలి. వెళ్లి గుమ్మం తీయాలి. ఆ గుమ్మం పక్కన చెప్పుల స్టాండులో ఈయన అర.

నా చెప్పు ఒకటి ఎప్పుడు బోర్లాపడినా వంగి తిరగేసేవాడు. "చెప్పు బోర్లా పడితే ఇంట్ల కొట్లాట అయితది." చదువుకున్న మనిషివి, ఏమిటీ మూఢనమ్మకం అంటే — "నీతోటి కొట్లాట తట్టుకునుడు నా వల్ల కాదు తల్లీ" అని దండం పెట్టేవాడు. రోజూ కొట్లాడుకునేవాళ్లం, చెప్పులు ఎలా ఉన్నా. ఏసీకి, పప్పులో ఉప్పుకి, నిత్య ఫోన్‌కి.


అక్టోబర్ 20, సోమవారం

దీపావళి.

రేపు పొద్దున ఫ్లైట్. మెగన్ బూట్లు తిరిగి ఇచ్చింది. సుత్తి ఇంకొన్నాళ్లు వాళ్ల దగ్గరే ఉండాలట. ఆకులు నా హ్యాండ్‌బ్యాగ్‌లో ఉన్నాయి, నిత్య పొట్లం నేను విప్పలేదు. సంతకం పెట్టి కవర్ తీసుకున్నాను. మోటల్‌కి దింపుతానంది. వద్దు, ఒక్కసారి కిందికి, ఆ రాయి దగ్గరికి తీసుకెళ్లు అన్నాను. రోడ్డు చివర కారు ఆపి, నా వెంట నడిచింది. 

మధ్యాహ్నం ఎండ. నది అంచులు గడ్డకట్టాయి. కొండ తెల్లగా, నిశ్శబ్దంగా. పైన పొద కనిపించడం లేదు. ఎర్రగుడ్డ ఒక్కటి అప్పుడప్పుడూ కదులుతోంది.

చదును రాతి మీద మంచు చేత్తో తుడిచాను. కవర్లోంచి బూట్లు తీసి పెట్టాను. పక్కపక్కన, ఎలా దొరికాయో అలా. మేజోళ్లు లోపల. మెగన్ నా మొహం చూసింది. ఇవి ఇంటికి తీసుకెళ్లరా అంది. ఇంటి గుమ్మంలో ఇవి పెట్టుకుంటే లోపల మనిషి ఉన్నట్టు, నేను అబద్ధం ఆడినట్టు. మనిషి ఇక్కడ ఉన్నాడు. చెప్పులు ఇక్కడే ఉండాలి. ఇదంతా ఇంగ్లీషులో చెప్పే ఓపిక లేక తల అడ్డంగా ఊపాను.

కారుదాకా నడిచాం. మళ్లీ చినుకులా మంచు మొదలైంది. డోర్ తీయబోయి ఆగాను. మంచు బూట్లలో నిండుతుంది. మేజోళ్లు తడుస్తాయి. తడి మేజోళ్లంటే ఎంత చిరాకో ఆ మనిషికి.

వెనక్కి వెళ్లాను. మెగన్ "మేడమ్" అని పిలుస్తూనే ఉంది. బూట్లు ఎత్తి దులిపాను. రెండింటినీ బోర్లా పెట్టాను.

కొట్లాట అవుతుందంటాడు కదా. రానీ.